మోకాళ్ల నొప్పంటే వయసొక్కటేనా?

బూదికోట చుట్టుపక్కల మనోళ్ల ఇళ్లలో అవ్వ మోకాలు పట్టుకుని లేస్తే "వయసైంది కదా" అంటారు, నూనె రాస్తారు, అంతే. వయసూ నిజమే. కీలులోని మెత్తటి ఎముక అరుగుతుంది, గొంతుక్కూర్చుని కలుపు తీసిన మోకాళ్లకి నొప్పి మరీ ఎక్కువ. కానీ కోలారు జిల్లాలో ఇంకో మాట అడగాల: ఇన్నేళ్లు తాగింది ఏ బోరు నీళ్లు?

మన జిల్లాలో చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. అంతకు బాగా మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్ను, తుంటి, మోకాళ్లు బిగుసుకుపోతాయి. 1937లోనే నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు గురించి డాక్టర్లు రాశారు. నల్లగొండలో పిల్లల కాళ్లే వంకరపోయాయి.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. కారణం తెలియకుండా బగ్ మూసేస్తే ఆఫీసులో ఒప్పుకోరు, ఇంట్లో మాత్రం అందరం ఒప్పుకుంటాం! బిగిసిన కీలు మళ్లీ మామూలు కాదు, ఆ బోరు నీళ్లే ఇప్పుడు మనవరాలూ తాగుతోంది. కాచితే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ మిషన్ అయితే చాలావరకు తీసేస్తుంది. బెంగళూరులో ఉండే మనం మోకాలు మార్పిడికి ఎంతవుతుందని విచారించే ముందు, ఒక సీసా బోరు నీళ్లు టెస్టుకి ఇచ్చి, ఆ రిపోర్టు ఎక్స్‌రేతో పాటు డాక్టరుకి చూపిద్దాం.