ఈ బాణీ ఎవరిది?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు నేను చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాస్తానని అనుకొని ఉంటారు. ఆ విషయాలు నాకంటే బాగా రాయగలవారు ఈ సంచికలోనే చాలామంది ఉన్నారు. నేను ఐర్లండ్ దేశపు సంగీతం గురించి రాస్తున్నాను. హాస్టల్ పుస్తకంలో ఐర్లండ్ ఎందుకని నవ్వకండి తమ్ముళ్ళారా. చివరిదాకా చదివితే మీకే అర్థమవుతుంది.

హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుకుతుంటే ఒక సీడీ దొరికింది. డబ్బా ఉంది, సీడీ ఉంది, పాటల పేర్లుండే కాగితం మాత్రం లేదు. సీడీ మీద 'ది బాథీ బ్యాండ్' అని ఉంది. బాథీ అంటే ఏమిటో తెలియక డిక్షనరీ తీశాను. స్కాట్లండులో పొలం పనులకు వచ్చిన కూలీలంతా కలిసి తలదాచుకునే పాక అట. ఐర్లండు నుంచి వలస వెళ్ళిన కూలీలు అలాంటి పాకల్లోనే పడుకునేవారు. పగలంతా పని, రాత్రి అందరూ ఒకేచోట వరుసగా పడక. పదేళ్ళు హాస్టల్ హాలులో ట్రంకు పెట్టె పక్కన పడుకున్న నాకు ఆ పేరు చూడగానే వాళ్ళు మనవాళ్ళే అనిపించింది.

అది ఆ బృందం 1975లో చేసిన మొదటి ఆల్బం. మాట్ మొలాయ్ ఫ్లూటు, టామీ పీపుల్స్ ఫిడేలు, పాడీ కీనన్ పైపులు, డోనల్ లన్నీ బుజూకీ వాయించారు. అన్నాచెల్లెళ్ళయిన మీహాల్, ట్రీనా ఓ డోనల్ కుటుంబం వారు గిటారుతో, గొంతుతో తోడయ్యారు. ఆ పైపులు నోటితో ఊదేవి కావు. మోచేత్తో గాలి తిత్తిని నొక్కుతూ వాయిస్తారు. మన వీధి భాగవతాల్లో శ్రుతి కోసం పట్టే తిత్తిని చూసినవారికి కొంత పోలిక తెలుస్తుంది. 1979లో బృందం విడిపోయింది గానీ, ఆ రికార్డు నేటికీ ఐరిష్ కుర్రవాళ్ళకు పాఠ్యపుస్తకం లాంటిది.

మొదటి ట్రాక్ వినగానే ఒకే బాణీని ఎంతో హుషారుగా మార్చి మార్చి వాయిస్తున్నారనుకున్నాను. పదిసార్లు విన్నాక తెలిసింది, అది ఒక బాణీ కాదు, నాలుగు. ఐరిష్ నాట్య సంగీతంలో రెండు మూడు బాణీలను ఆపకుండా ఒకే దండలో గుచ్చుతారు. ఒక బాణీలో సాధారణంగా రెండు భాగాలుంటాయి. ఒక్కో భాగం ఎనిమిది ఆవృతాలు. మొదటి భాగం రెండుసార్లు, రెండో భాగం రెండుసార్లు వాయిస్తే మొత్తం ముప్పై రెండు. ఇలా బాణీ మొత్తాన్ని రెండు మూడు సార్లు తిప్పి, క్షణం కూడా ఆగకుండా తరువాతి దానిలోకి దూకుతారు. ఆ దూకే చోటు పట్టుకుంటే సగం పని అయినట్టే.

తరువాత తాళం. జిగ్ అయితే 'తకిట తకిట' అని నడుస్తుంది. రీల్ అయితే 'తకధిమి తకధిమి' అని పరుగెత్తుతుంది. స్లిప్ జిగ్‌లో ఒక్కో ఆవృతానికి మూడు 'తకిట'లు, అంటే తొమ్మిది దెబ్బలు. డప్పు మీద వేళ్ళు ఆడించిన మన పిల్లలకు ఇది నేర్పనవసరం లేదు. నాకు రాగం తెలియదు, స్వరం తెలియదు. కాగితం మీద గీతలు గీసుకొని లెక్కపెట్టాను. పేర్లు తెలియలేదు గానీ ఎన్ని బాణీలున్నాయో చాలావరకు తేల్చగలిగాను.

కొన్నాళ్ళకు ఒక మిత్రుడు ఆ ఆల్బం పాటల పట్టిక తెచ్చి ఇచ్చాడు. ఆ పేర్లు చదివాక నాకు నిద్ర పట్టలేదు. మొదటి ట్రాక్‌లోని రెండో బాణీ పేరు 'ఒక గుక్క నీళ్ళివ్వండి' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. ఆ బాణీకి ఆ పేరు ఎందుకొచ్చిందో గానీ, ఆ మాట ఎన్ని తరాల మనవాళ్ళ నోట ఎన్ని ఊళ్ళ బావుల దగ్గర వినబడిందో ఈ హాస్టల్ పిల్లలకు నేను చెప్పాలా? ఇంకొక బాణీ పేరులో 'నావీ' ఉన్నాడు. నావీ అంటే కాలువలు, రైలు కట్టలు తవ్వే మట్టి కూలీ. మన పాలమూరు కూలీలు ప్రాజెక్టులు కట్టినట్టే ఐరిష్ కూలీలు బ్రిటన్ రైలు కట్టలు పోశారు. చరిత్ర పుస్తకంలో వాళ్ళ పేర్లు లేవు. ఒక బాణీ పేరులో మాత్రం ఆ కూలీ నిలబడి ఉన్నాడు.

అయితే ఈ పేర్లను గుడ్డిగా నమ్మకూడదని కూడా తెలుసుకున్నాను. ఈ బాణీలు చెవి నుంచి చెవికి నేర్చుకున్నవి. ఒకే బాణీకి ఊరికొక పేరు, ఒకే పేరుతో రెండు మూడు బాణీలు ఉంటాయి. మొదటి ట్రాక్ 'కెష్ జిగ్'తో మొదలవుతుంది. అదే బాణీ నూరేళ్ళనాటి పుస్తకంలో 'కింకోరా జిగ్' పేరుతో ఉంది. చాలా బాణీలకు అవి ఎవరి దగ్గర నేర్చుకున్నారో వారి పేరే పేరు. ఫలానావాడి రీల్ అంటే అతను కట్టిందని కాదు, చాలాసార్లు అతని నోటి నుంచో, విల్లు నుంచో వచ్చిందని అర్థం.

ఈ చిక్కు విప్పడానికే జీవితాలు ధారపోసినవారు ఉన్నారు. ఫ్రాన్సిస్ ఓ నీల్ 1848లో కార్క్ జిల్లాలో పుట్టి, పడవల మీద తిరిగి, చివరికి అమెరికాలోని చికాగోలో పోలీసు ఉద్యోగంలో చేరాడు. 1901 నుంచి 1905 వరకు ఆ నగర పోలీసులందరికీ అధిపతి. ఆయనకు స్వరాలు రాయడం రాదు. తన చెవిలో ఉన్నవీ, వలస వచ్చినవారి దగ్గర విన్నవీ తన శాఖలోనే ఉన్న జేమ్స్ ఓ నీల్ చేత రాయించాడు. 1903లో అచ్చువేసిన పుస్తకంలో 1,850 బాణీలున్నాయి. ఎన్నింటికో పక్కనే అది ఇచ్చినవారి పేరు కూడా వేశాడు. 1913లో వాద్యకారుల జీవితాల మీదనే మరో పెద్ద పుస్తకం రాశాడు. బాణీతో పాటు మనిషిని కూడా దాచిపెట్టిన ఆయన పద్ధతి నాకు నచ్చింది.

తరువాత డబ్లిన్‌లో బ్రెండన్ బ్రెనఖ్ అనే ప్రభుత్వోద్యోగి మరో ఉపాయం చేశాడు. పేరు మోసం చేస్తుంది గానీ స్వరం మోసం చేయదు. అందుకని బాణీ మొదటి స్వరాలను అంకెలుగా మార్చి కార్డుల మీద రాసి వరుసలో పేర్చాడు. పేరు తెలియకపోయినా ఎత్తుగడ తెలిస్తే చాలు, బాణీ దొరుకుతుంది. 1963లో ఆయన నాట్య బాణీల మొదటి సంపుటి వచ్చింది. 1987లో డబ్లిన్‌లో ఈ సంగీతం కోసమే ఒక భాండాగారం ఏర్పడింది. ఇప్పుడైతే కొన్ని సెకన్లు వాయిస్తే ఆ బాణీ ఏదో వెతికిపెట్టే 'ట్యూన్‌పాల్' అనే పరికరం సెల్‌ఫోన్‌లోనే ఉంది. డబ్లిన్‌లోని ఒక సాంకేతిక కళాశాల అధ్యాపకుడు బ్రయాన్ డగ్గన్ తయారు చేశాడు.

'ఇంత శ్రమ ఎందుకు? పాట బాగుంటే విని ఆనందించక పేరుతో ఏం పని?' అని అడిగేవాళ్ళుంటారు. నా అభిప్రాయం వేరు. పేరు అడగడం అంటే 'ఇది ఎవరిది?' అని అడగడం. ఆ ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో చూడండి. లోకమంతా ఎరిగిన 'డానీ బాయ్' పాట బాణీని లిమవాడి ఊరికి చెందిన జేన్ రాస్ అనే ఆమె సేకరించి పంపితే, జార్జ్ పెట్రీ 1855లో అచ్చువేశాడు. బాణీకి పేరు లేదు. వాయించినవారి పేరు అసలే లేదు. 1913లో ఆ బాణీకి మాటలు కట్టిన ఇంగ్లీషు లాయరు ఫ్రెడరిక్ వెదర్లీ పేరు ఉంది. సేకరించిన ఆమె పేరు ఉంది. అచ్చువేసినాయన పేరు ఉంది. వాయించిన చేతులు ఎవరివో ఎవరికీ తెలియదు. ఫలానా గుడ్డి ఫిడేలువాడని తరువాత కథలు పుట్టాయి గానీ రుజువు లేదు. ఆ రోజు 'నీ పేరేమిటయ్యా' అని ఒక్క మాట రాసుకొని ఉంటే సరిపోయేది.

ఆల్బముల మీద 'సంప్రదాయం' అని ఒక్క మాట అచ్చువేసి చేతులు దులుపుకోవడం కూడా ఇలాంటిదే. పక్కన 'కూర్పు: మా బృందం' అని ఉంటే రాయల్టీ కూర్చినవారికి పోతుంది. నిజంగా ఎవరు కట్టారో తెలియని పాత బాణీ అయితే తప్పులేదు. కానీ సంప్రదాయం అనుకున్నవాటిలో కొన్నింటికి తండ్రి ఉన్నాడు. ఇదే బాథీ బ్యాండ్ ఆల్బంలో ఉన్న 'హెక్టర్ ది హీరో' స్కాట్లండ్ ఫిడేలు విద్వాంసుడు జేమ్స్ స్కాట్ స్కిన్నర్ 1903లో కట్టింది. కావన్ జిల్లా నుంచి అమెరికా వలసపోయిన ఎడ్ రీవీ ఫిలడెల్ఫియాలో ప్లంబర్ పని చేసుకుంటూ ఎన్నో రీళ్ళు కట్టాడు. అవి పాతవాటిలో కలిసిపోయి తిరుగుతున్నాయి. రోజంతా పైపులు బిగించి రాత్రి ఫిడేలు పట్టుకున్న మనిషిని 'సంప్రదాయం' అనే దుప్పటి కింద కప్పేయడం న్యాయమా?

అలాగని తెలియనప్పుడు ఏదో ఒక పేరు అతికించమని నేను అనను. తప్పుడు పేరు పేరు లేకపోవడం కంటే చెడ్డది. ఒకసారి అచ్చయితే అదే నిజమై కూర్చుంటుంది. ఇక్కడ ఐరిష్‌వాళ్ళ దగ్గర ఒక మంచి అలవాటు ఉంది. బాణీ పేరు తెలియకపోతే పట్టికలో 'గన్ ఆనిమ్' అని వేస్తారు. ఐరిష్ భాషలో 'పేరు లేనిది' అని అర్థం. ఇది అజ్ఞానం కాదు, నిజాయితీ. పేరు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉందని చెప్పడం. ఖాళీ కనబడితేనే ఎవరో ఒకరు వెతుకుతారు.

పేరులో మరో సంగతి ఉంది. పైపులు వాయించిన పాడీ కీనన్ 'ట్రావెలర్స్' అనే సంచార కుటుంబంలో పుట్టినవాడు. వాళ్ళు బండ్లలో తిరుగుతూ తగరం పని, గుర్రాల బేరం చేసుకొని బతికేవారు. ఊరివాళ్ళు వాళ్ళను 'టింకర్లు' అనేవారు. ఆ మాట రానురాను తిట్టుగా మారింది. ఆ ఆల్బంలోనే ఒక రీల్ పేరులో ఆ మాట ఉంది. ట్రావెలర్స్‌లోనే పుట్టిన జానీ డోరన్ అనే మహా వాద్యకారుడు సంతల్లో, కూడళ్ళలో వాయించి బతికాడు. 1947లో జానపద సంఘం వారు ఆయన వాద్యాన్ని రికార్డు చేశారు. 1950లో ఆయన చనిపోయాడు. ఆ రికార్డింగే లేకపోతే ఈ రోజు ఆయన ధ్వని మనకు లేదు. ఐర్లండ్ ప్రభుత్వం ట్రావెలర్స్‌ను ప్రత్యేక జాతి సమూహంగా గుర్తించింది 2017లో. వాళ్ళ సంగీతాన్ని గుర్తించి తలకెత్తుకున్న దేశానికి మనుషులను గుర్తించడానికి అంత కాలం పట్టింది. పాట కావాలి గానీ పాడేవాడు గుమ్మం బయటే ఉండాలనే బుద్ధి ఒక్క మన దేశానికే సొంతం కాదు.

ఇక నా తప్పు చెప్పి ముగిస్తాను. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా హాస్టల్‌లో ఒక కామాటి అవ్వ ఉండేది. మధ్యాహ్నం బియ్యంలో రాళ్ళు ఏరుతూ నాట్ల పాటలు పాడేది. ఆ ఏడు వార్షికోత్సవానికి మేం ఐదుగురం ఆమె దగ్గర ఒక పాట నేర్చుకున్నాం. వరస తప్పితే చేటతో నేల మీద కొట్టి సరిచేసేది. మాకు మొదటి బహుమతిగా స్టీలు గ్లాసులు వచ్చాయి. కార్యక్రమాల కాగితం నా చేతిరాత బాగుంటుందని నాతోనే రాయించారు. అందులో నేను రాసింది: 'జానపద గేయం, 9వ తరగతి విద్యార్థులు.' అంతే. అవ్వ అప్పుడు వెనక వంటగదిలో గిన్నెలు కడుగుతోంది. ఆమె పేరు జీతాల రిజిస్టరులో ఉండే ఉంటుంది. మాలో ఒక్కడం కూడా అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు. ఆ పాట మాత్రం నాకు ఇంకా నోటికి వచ్చు.

అందుకే ఈ వార్షికోత్సవ సందర్భంగా నా మనవి ఒక్కటే. ఈసారి కార్యక్రమాల పట్టికలో 'పాడినవారు' పక్కన 'నేర్పినవారు' అని ఇంకొక గడి గీయండి. అమ్మ నేర్పితే అమ్మ పేరు రాయండి. వంట చేసే అక్క నేర్పితే ఆమె పూర్తి పేరు రాయండి. ఎవరు కట్టారో తెలియకపోతే తెలియదని రాయండి. ఊరికే 'జానపదం' అని రాసి వదిలేయకండి.

సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ముసలివాళ్ళ పాటలు ఫోన్‌లో రికార్డు చేసుకోండి. కానీ పాట మొదలుపెట్టేముందు ఒక ప్రశ్న అడగడం మరచిపోకండి: 'అవ్వా, నీ పేరేంది?'

— ఒక పూర్వ విద్యార్థి