ఆ నట్టు ఎవరు బిగించారు?

వరంగల్ కొత్తవాడలో సెలవు రోజున పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్దామనుకుంటే ముందుగా గుర్తొచ్చే పేర్లలో లక్నవరం ఒకటి. ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలో కాకతీయుల నాటి ఆ చెరువు మీద వేలాడే వంతెన ఉంది. దాని నడిమధ్యన ఆగి ఫొటో దిగని వాళ్లు తక్కువ. పిల్లలు కావాలనే వంతెనను ఊపుతారు, పెద్దవాళ్లు కేకలేస్తారు. అంతమంది బరువును మోసే ఇనుప తాళ్ల వైపు, ఆ తాళ్ల కొసల్ని పట్టి ఉంచే బిగింపుల వైపు చూసేవాళ్లు అరుదు. లక్నవరంలో లోపం ఉందని కాదు. ఎక్కడైనా మనం చూడని చోటు అదే.

ఇప్పుడు ఇనుప తాడుకు మనిషిని వేలాడదీసే ఆటలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పెరిగాయి. రిసార్టుల్లో జిప్‌లైన్లు వచ్చాయి. చెట్ల మధ్యనో స్తంభాల మధ్యనో కట్టిన రోప్ కోర్సుల మీద బళ్లు, కంపెనీలు శిబిరాలు పెడుతున్నాయి. ఇవి రావాల్సిందే. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. భువనగిరి కోట గుట్ట మీద తాడు పట్టడం నేర్చుకున్నవాళ్లు. అలాంటి ధైర్యం నేర్చుకునే వీలు కొత్తవాడ నేతన్నల పిల్లలకూ ఉండాలి. ఉండాలంటే ఆ తాడు ఎవరు కట్టారు, ఏ లెక్కతో కట్టారు, చివరిసారి ఎవరు చూశారు అని అడగడం తల్లిదండ్రులకు అలవాటు కావాలి.

తాడు తెగడం కంటే ముందు ఆలోచించాల్సింది దాని కొస గురించి. ఇనుప తాడును స్తంభం చుట్టూ తిప్పి, కొసను వెనక్కి మడిచి, రెండింటినీ కలిపి క్లిప్పులతో బిగిస్తారు. వీటినే బుల్‌డాగ్ గ్రిప్పులంటారు. ఒక్కో క్లిప్పులో యూ ఆకారపు బోల్టు ఒకటి, గాడి ఉన్న దిమ్మ ఒకటి. గాడి దిమ్మ బరువు మోసే పొడుగు తాడు మీద కూర్చోవాలి. యూ బోల్టు మడిచిన పొట్టి కొస మీదికి రావాలి. తిరగేసి వేస్తే యూ బోల్టు బరువు మోసే తీగల్నే నలిపేస్తుంది. చూపుకు మాత్రం రెండూ ఒకేలా బిగుసుకుని కనిపిస్తాయి.

అన్నీ సరిగ్గా వేసినా, మామూలు సైజుల్లో తాడు అసలు బలంలో 80 శాతమే ఆ ముడి దగ్గర నిలుస్తుంది. క్లిప్పుకూ క్లిప్పుకూ మధ్య తాడు మందానికి సుమారు ఆరు రెట్లు ఎడం ఉండాలి. నట్టును చేతి అంచనాతో కాకుండా టార్క్ రెంచితో బిగించాలి. బరువు పడగానే తాడు సాగి కొంచెం సన్నబడుతుంది, క్లిప్పు వదులవుతుంది. అందుకే బరువు వేశాక మళ్లీ బిగించాలి. చాలాచోట్ల ఎగరగొట్టేసే పని ఈ రెండో బిగింపే. ఇక ప్రాణాల్ని మోసే చోట సమ్మెట పోటుతో తయారైన ఫోర్జ్‌డ్ క్లిప్పులే వాడాలి. పోత పోసిన చవక క్లిప్పులు కంచెలకు సరిపోతాయి, మనుషులకు సరిపోవు.

తాడు ఎంత బిగిస్తే అంత భద్రమన్నది ఇంకో పొరపాటు నమ్మకం. రెండు స్తంభాల మధ్య 20 మీటర్ల తాడు మీద 80 కిలోల మనిషి నడిమధ్యన నిలబడ్డాడనుకుందాం. అప్పుడు తాడు 1 మీటరు కిందికి వంగితే దాని మీద పడే లాగుడు 400 కిలోలు. 40 సెంటీమీటర్లే వంగేలా బిగిస్తే 1,000 కిలోలు. 20 సెంటీమీటర్లే అయితే 2,000. మనిషి ఒక్కడే, భారం అయిదింతలు. 10 మిల్లీమీటర్ల తాడు రకాన్ని బట్టి 5 నుంచి 6 టన్నుల దగ్గర తెగుతుంది. క్లిప్పుల దగ్గర పోయే 20 శాతం తీసేసి, అమెరికాలో ఈ కోర్సులు కట్టేవాళ్లు సాధారణంగా పాటించే అయిదు రెట్ల భద్రత లెక్క వేస్తే, మిగిలేది టన్నుకు లోపే. అంటే 40 సెంటీమీటర్ల వంపుకే ఒక్క మనిషితో ఆ హద్దు దాటిపోతాం. ఇద్దరు ఎక్కితే చెప్పనక్కర్లేదు.

బిగింపు వదిలితే ఏమవుతుందో ఇప్పటికే చూశాం. 2019 అక్టోబరులో ఆస్ట్రేలియాలోని డైంట్రీ అడవిలో జిప్‌లైన్ తాడు బిగింపు నుంచి విడిపోయింది. దాని మీద వెళ్తున్న దంపతుల్లో భర్త చనిపోయాడు, భార్య గాయపడింది.

మన దేశంలో మోర్బీని మరవలేం. గుజరాత్‌లోని ఆ వేలాడే వంతెన 2022 అక్టోబర్ 30న కూలి 135 మంది ప్రాణాలు పోయాయి. మరమ్మతు చేశామని చెప్పి తెరిచిన కొద్ది రోజులకే జరిగిన ఘోరం అది. దర్యాప్తు బృందం చెప్పిన సంగతి గుండె పట్టేస్తుంది: ప్రధాన తాడులోని 49 తీగల్లో 22 ముందే తుప్పుపట్టి ఉన్నాయి. నడిచే పలకలు మార్చారు, తాడు మార్చలేదు. కొత్తవాడలో జంపఖానా మగ్గం మీద పడుగు పోగు తెగితే నేతగాడు అక్కడికక్కడే ముడి వేస్తాడు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు అలాంటి కళ్లు, చేతుల మీదే నిలిచాయి. ఉక్కు తాడులో తీగ తెగితే ముడి లేదు. లెక్కపెట్టి, హద్దు దాటితే తాడంతా తీసేయడమే.

ప్రమాణాలు లేవని ఎవరూ అనలేరు. మన దేశంలో ఇనుప తాళ్లకు ఐఎస్ 2266, బుల్‌డాగ్ గ్రిప్పులకు ఐఎస్ 2361, మడత లోపల వేసే థింబుల్‌కు ఐఎస్ 2315, తాళ్ల ఎంపికకూ సంరక్షణకూ ఐఎస్ 3973 ఉన్నాయి. రోప్ కోర్సులకు ఐరోపాలో ఈఎన్ 15567, అమెరికాలో ఏసీసీటీ ప్రమాణాలు నడుస్తున్నాయి. కేంద్ర పర్యాటక శాఖ 2018లో సాహస పర్యాటకానికి మార్గదర్శకాలు తెచ్చింది. అవి సూచనలే, చట్టం కాదు. పాటించకపోతే ఎవరు ఆపాలన్న దగ్గర పని ఆగిపోతోంది.

తెలంగాణ పర్యాటక శాఖ ఈ పని మొదలుపెట్టవచ్చు. ఇనుప తాడు మీద మనుషుల్ని ఎక్కించే ప్రతి చోటూ నమోదు కావాలి. కట్టినవాడితో సంబంధం లేని ఇంజినీరు ఏడాదికోసారి తాడునూ క్లిప్పుల్నీ చూడాలి. రోజూ తెరిచే ముందు సిబ్బంది చూసి పుస్తకంలో సంతకం పెట్టాలి. తనిఖీ తేదీ, తాడు సైజు, ఒకసారికి ఎంతమందో టికెట్ కౌంటర్ దగ్గరే తెలుగులో రాసి పెట్టాలి. బడి నుంచి శిబిరానికి పంపే హెడ్మాస్టరు బస్సు ఫిట్‌నెస్ కాగితం అడుగుతారు కదా, ఈ తనిఖీ కాగితమూ అడగాలి. అది చూపించలేని నిర్వాహకుడికి ఆ ఏడు పిల్లల్ని పంపకూడదు.