ఎండీఎస్ బోర్డు ఒక్కటే చాలదు

సంపాదకులకు,

పంటి ఇంప్లాంట్లపై గత వారం వ్యాసంలో, ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) బోర్డు చూసి వెళ్తే చాలన్నారు. అది సగం మాటే. పిల్లల పళ్ల డాక్టరూ ఎండీఎస్సే, వంకర పళ్లకు క్లిప్పులేసే ఆయనా ఎండీఎస్సే. ఏ విభాగమో, ఇంప్లాంట్లలో అనుభవమెంతో అడగాలి. చాలా క్లినిక్కుల్లో స్క్రూ బిగించే సర్జన్ బయటినుంచి వచ్చి వెళ్లిపోతారు. తర్వాత చిగుళ్లు వాస్తే చూసేదెవరు? మా అమ్మకు దవడ ఎముకను చూపే సీబీసీటీ స్కాన్ లేకుండా, షుగర్ ఎంతుందో కనుక్కోకుండా ఆపరేషన్ తేదీ ఇచ్చేశారొక చోట. లేచి వచ్చేశాం.

ఇంకోటి. ఇంప్లాంట్ ప్యాకెట్‌పై కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్ ఉంటుంది. దాన్ని మన ఫైల్లో అతికించమనండి. ఏళ్ల తర్వాత పైపన్ను వదులైతే, ఊరు మారినా సరే, దానికి సరిపోయే స్క్రూడ్రైవర్ ఏదో కొత్త డాక్టరు వెతుక్కునే పనుండదు.

- ఒక పాఠకురాలు, గుంటూరు