ఛార్జీ తగ్గెను, మెట్టు తగ్గలేదు

మన తాలూకాలలోని తెలుగు కుటుంబములకు ప్రయాణము క్రొత్త గాదు. మన వియ్యములు మదనపల్లెలోను హిందూపురములోను, వ్యాపారము బెంగుళూరులోను, మ్రొక్కులు తిరుపతిలోను, కచేరీ పనులు చిక్కబళ్ళాపురములోను ఉండును. ఇంటిలో నొకరు బస్సు దిగుచుండగా మరియొకరు ఎక్కుచుందురు. ఇట్టి సమాజములోనే గడప దాటుట గగనమైనవారును కొందరు కలరు. వారి విషయము మన సభలలో అరుదుగా వినవచ్చును. నేను వారిలో నొకడను. మూడవయేట పోలియో సోకినది మొదలు నా కాళ్ళు నాకు పనికిరాలేదు. ముప్పది యేండ్లుగా చక్రాల కుర్చీయే నా వాహనము. కనుక నిచట చెప్పబోవునది విన్నమాట గాదు, పడినమాట.

2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులు కలరు. అనగా నూటికి 2.21 మంది. కర్ణాటకమున వారి సంఖ్య 13 లక్షలు మించినది. ఆ సంవత్సరమున మన చిక్కబళ్ళాపురము జిల్లా జనాభా 12 లక్షల 55 వేలు. దేశపు సగటు మనకును వర్తించునెడల జిల్లాలో సుమారు 28 వేల మంది యుండవలెను. వీరందరును చక్రాల కుర్చీలలో నుండరు. ఊతకఱ్ఱలపై నడచువారు, పక్షవాతముచే నొక ప్రక్క పడిపోయినవారు, రహదారి ప్రమాదమున వెన్నెముక దెబ్బతిన్న యువకులు వీరిలో గలరు. ఈ లెక్కకు రాని వృద్ధులు, మోకాళ్ళు పట్టివేసినవారు వేరు. వీరిలో అనేకులకు అడ్డు వచ్చునది ఒక్కటే, మెట్టు. 2015 డిసెంబరు నుండి ప్రభుత్వపు వాడుకలో "దివ్యాంగులు" అను పేరు వచ్చినది. పేరు గౌరవముగానే యున్నది. కాని వికలాంగుడన్నను దివ్యాంగుడన్నను బస్సు మెట్టు అంగుళమైనను క్రిందికి దిగదు.

మన రాష్ట్రపు బస్సులలో వికలాంగులకు రాయితీ పాసు కలదు. దానితో నివాసస్థలము నుండి 100 కిలోమీటర్ల వరకు ప్రయాణము చేయవచ్చును. 2023 జూన్ 11 నుండి "శక్తి" పథకము క్రింద స్త్రీలకు సాధారణ బస్సులలో టికెట్టే ఉచితము. రైళ్ళలో తోడు లేనిదే ప్రయాణము చేయజాలని అంగవికలునకు రెండవ తరగతి, స్లీపరు పెట్టెలలో నూటికి 75 వంతుల తగ్గింపు కలదు, తోడు వచ్చువానికిని అంతే. ఇవి చిన్న సౌకర్యములు గావు. వీనిని పోరాడి సాధించిన వారికి మనము ఋణపడియున్నాము. అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. చక్రాల కుర్చీలో నున్న స్త్రీకి టికెట్టు ఉచితమే, ఆమె బస్సు ఎక్కుట మాత్రము అసాధ్యము. ఎక్కజాలని బండికి రాయితీ యిచ్చుట, నోరు కుట్టినవానికి విస్తరి వేయుట వంటిది.

ఈ చిక్కు పాసుకు ముందే మొదలగును. పాసు కావలెనన్న గుర్తింపు కార్డు కావలెను. కార్డు కావలెనన్న వైద్యుల ధృవపత్రము కావలెను. అందుకై పల్లెలవారు తరచుగా తాలూకా కేంద్రమునకో జిల్లా కేంద్రమునకో రావలసియుండును. 2007 ఆగస్టు 23న చిక్కబళ్ళాపురము ప్రత్యేక జిల్లా యైనది. అంతకు ముందు బాగేపల్లివాడు ప్రతి పనికిని కోలారు పోవలసి యుండెను. జిల్లా కేంద్రము దగ్గరకు వచ్చినందుకు మనమెల్ల సంతోషించితిమి. నడువగలవానికి దూరము సగమునకు పైగా తగ్గినది. నడువలేనివానికి దూరము కిలోమీటర్లలో లేదు, మొదటి మెట్టులో నున్నది. కనుక అతడు బస్సెక్కు హక్కును సంపాదించుటకు కారు బాడుగకు మాట్లాడుకొని పోవలసి వచ్చుచున్నది. ఒకనాటి బాడుగ కూలివాని కుటుంబమునకు కొన్ని దినముల బియ్యము.

ఎక్కలేకపోవుట యనగా నేమో వివరముగా చెప్పుట అవసరము. మన సాధారణ బస్సు నేల భూమికి మూడడుగులకు దరిదాపుగనో అంతకు మించియో యుండును. తలుపు ఇరుకు. తలుపు నడుమ కమ్మి యున్న బస్సులును కలవు. నన్ను ఎక్కింపవలెనన్న ఇద్దరు చంకలు పట్టి, ఒకరు కాళ్ళు పట్టి, వేరొకరు కుర్చీ మడచి అందింపవలెను. మన జనము మంచివారు. అడిగిన తోడనే నలుగురు చేయి వేయుదురు. కాని యేబదియేండ్లు దాటిన మనిషిని వియ్యంకుల యెదుట బస్తావలె మోసికొని పోవుచుండగా అతని మనస్సు ఎట్లుండునో తలచి చూడుడు. ఆడపడుచుల స్థితి ఇంకను కష్టము. పరాయి మగవాని చేతులపై ఎక్కుటకంటె ఇంటనుండుటయే మేలని మానుకొన్నవారిని నేనెఱుగుదును. వారిలో పెండ్లి చూపులకు పోలేదు, పరీక్షకు పోలేదు, తల్లి అంత్యక్రియలకును పోలేదు అన్నవారు కలరు. ఒక బస్సులో నా కుర్చీకి సామాను టికెట్టు అడిగిరి. మరియొక చోట కండక్టరు కసరలేదు, మర్యాదగనే "అన్నా, వెనక బండికి రాండి" అనెను. వెనుక బండియు నట్టిదే గదా!

కొలతలు తెలిసికొన్నచో పరిష్కారము కనబడును. చక్రాల కుర్చీ తానుగా ఎక్కదగిన ఏటవాలు ఒకటికి పండ్రెండు వంతులని మన దేశపు నిర్మాణ నియమములు చెప్పుచున్నవి. అంగుళము ఎత్తునకు అడుగు పొడవు. బస్సు నిలయపు అరుగు ఆరంగుళములున్నచో ఆరడుగుల వాలు చాలును. దానికి కావలసినది కొన్ని బస్తాల సిమెంటు, ఒకనాటి మేస్త్రీ పని. బస్సునకు మాత్రము ఈ లెక్క కుదురదు. మూడడుగుల ఎత్తునకు ముప్పదియారడుగుల వాలు కావలెను. కావుననే నగరములలో నేల దిగువగా నున్న బస్సులు వచ్చినవి. 2006 ప్రాంతము నుండి బెంగుళూరు నగరమున అట్టి వోల్వో బస్సులు తిరుగుచున్నవి. వాని నేల భూమికి అడుగున్నర లోపుననే యుండును. ఒక మడత పలక వేసినచో కుర్చీ లోనికి దొరలును. మన పల్లె దారుల గతుకులకు అట్టి బస్సు తగదనుట కొంతవరకు నిజమే. అట్లయినచో తలుపు వద్ద యంత్రముతో పైకెత్తు పలకను అమర్చిన బస్సులు కలవు. లేదా నిలయమున ఒక్క అరుగునైనను బస్సు నేలకు సమముగా ఎత్తి కట్టవచ్చును.

రైలు సంగతియు నిట్టిదే. చిక్కబళ్ళాపురమునకు, చింతామణికి రైలు కలదు. బాగేపల్లికి ఆ భాగ్యమును లేదు. ఒకప్పటి చిన్నగేజి దారి పెద్దగేజిగా మారి, 2013లో చిక్కబళ్ళాపురము–కోలారు భాగము తెఱవబడినది. కాని ఎత్తైన ప్లాట్‌ఫారముకూడ పట్టాలకు 840 మిల్లీమీటర్లు మించదు, పెట్టె నేలయో సుమారు 1,300 మిల్లీమీటర్ల ఎత్తున నుండును. నడుమ నడుగున్నర మిగులును. గార్డు పెట్టెను ఆనుకొని వికలాంగులకై వెడల్పు తలుపుతో ప్రత్యేకపు గది యున్న రైళ్ళు కలవు. ఆ తలుపు వద్దకు వేయు పలక ప్రతి స్టేషనులో సిద్ధముగా నున్నగాని ఆ గది యుండియు లేనట్లే.

ఇక చట్టము. 2016లో పార్లమెంటు ఆమోదించిన వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. 1995 నాటి చట్టము 7 విధముల వైకల్యములను గుర్తింపగా ఇది 21 విధములను గుర్తించినది. దాని 41వ సెక్షను బస్సు నిలయములు, రైలు స్టేషనులు, విమానాశ్రయములు, వాహనములు వికలాంగులకు అందుబాటులో నుండవలెనని చెప్పుచున్నది. ఉన్న ప్రజా భవనములను నియమములు వెలువడిన ఐదేండ్లలో సరిచేయవలెనని 45వ సెక్షను గడువు పెట్టినది. నియమములు 2017 జూన్‌లో వెలువడినవి. గడువు 2022 జూన్‌తో తీరినది. చూపులేని రాజీవ్ రతూరీ 2005లో వేసిన వ్యాజ్యముపై సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పుచు, ఆ నియమములలో 15వది కేవలము సలహా రూపమున నుండుట చట్టమునకు విరుద్ధమనియు, విధిగా పాటింపవలసిన ప్రమాణములను మూడు నెలలలో రూపొందింపవలెననియు ఆదేశించినది. అనగా ఇప్పుడు మనమడుగునది క్రొత్త వరము గాదు, తీరిపోయిన గడువునకు సమాధానము.

మన జిల్లా సరిహద్దునకు దక్షిణముగా, దేవనహళ్ళి వద్ద, విమానాశ్రయము కలదు. అక్కడ చక్రాల కుర్చీవాడు తన కుర్చీ దిగనక్కర లేకయే విమానపు తలుపు వరకు పోవచ్చును. ఆ సౌకర్యము తనంతట తాను రాలేదు. చక్రాల కుర్చీలోనే జీవితము గడపిన జావేద్ ఆబిదీ సుప్రీంకోర్టునకు పోగా, 1998 డిసెంబరులో వచ్చిన తీర్పు విమాన ప్రయాణమున వికలాంగుల సౌకర్యములను గూర్చి చెప్పినది. విమానము నుండి దింపివేయబడిన జీజా ఘోష్‌కు 2016లో అదే న్యాయస్థానము పది లక్షల రూపాయల పరిహారము ఇప్పించినది. విమానమెక్కువారు కొద్దిమంది. బస్సెక్కువారు అందరు. కొద్దిమందికి సాధ్యమైనది అందరికిని ఏల సాధ్యము గాదు?

"బస్సు నిలయములలో చక్రాల కుర్చీవారు ఎక్కడ కనబడుచున్నారు? లేనివారికై ఇంత వ్యయమేల?" యని కొందరందురు. చెరువుల సీమలో పుట్టిన మనకు ఈ మాటలోని లోపము వెంటనే తెలియవలెను. తూము లేని చెరువు క్రింద పైరు కనబడలేదని, పైరు లేదు గనుక తూము వలదని యెవరైన వాదించిరా? ఇదియు కాక, వాలు వేసినచో లాభపడువాడు నేనొక్కడనే కాను. చంకబిడ్డతో వచ్చు తల్లి, చింతామణి మార్కెట్టునకు టమాటా బుట్టలు దించువాడు, చిక్కబళ్ళాపురమునకు పూలమూటలు తెచ్చు ముసలమ్మ, చేతిబండి త్రోయు కూలివాడు, అందరును దానిమీదనే నడచెదరు.

మన జిల్లాలోని ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారి పూర్వులు ఆంధ్రదేశపు మోక్షగుండమువారు. తిరుమల కొండకు దారి వేయు ప్రణాళికలో ఆయన చేయి కలదని ప్రసిద్ధి. 1944లో ఆ ఘాటురోడ్డు తెఱవబడిన పిదప డోలీలో మోయించుకొనలేని వృద్ధులును, రోగులును స్వామిని చూడగలిగిరి. ఇప్పుడు లక్షలమంది ఆ దారినే పోవుచున్నారు. కాళ్ళు గట్టిగా నున్నవారును బస్సులోనే పోవుచు, అది దుర్బలులకు పెట్టిన భిక్షయని యెవరును తలపరు. మెట్లదారియు నున్నది, మ్రొక్కినవారు ఎక్కుచునే యున్నారు. మేమడుగునది ఇంతియే. ఎక్కగలవారికి మెట్లుండుగాక, వాని ప్రక్క మాకొక దారి యుండవలెను.

భాష విషయమును ఇందులో చేరియున్నది. పాసు నియమములు, ధృవపత్రమునకు కావలసిన కాగితములు, వైద్యుల శిబిరము జరుగు తేదీలు కన్నడ, ఆంగ్లములలో ప్రకటింపబడుట వాడుక. రాష్ట్రభాషను మనము గౌరవింతుము, మన పిల్లలు చదువుచున్నారు. అయితే ఇల్లు కదలనివాడు బడికిని పోలేదు, అతనికి తెలిసినది తల్లి నేర్పిన తెలుగే. భాషాల్పసంఖ్యాకుల రక్షణకై 1956లో కేంద్రము ప్రకటించిన మెమొరాండము, అల్పసంఖ్యాకులు నూటికి 15, 20 మంది యున్న తాలూకాలలోను పురపాలక ప్రాంతములలోను ముఖ్యమైన ప్రకటనలను వారి భాషలోకూడ వెలువరించుట మేలని చెప్పినది. బాగేపల్లి సీమకు ఇంతకంటె తగినమాట మరియొకటి గలదా?

ప్రభుత్వమును అడుగుటకు ముందు మన ఇంటిని చూచుకొనుట ధర్మము. మన పెండ్లి మంటపములలో పలుచోట్ల భోజనశాల మేడమీద నుండును. క్రింద కూర్చున్నవానికి విస్తరి పంపుదురు, ప్రేమతోనే పంపుదురు. కాని పంక్తిలో కూర్చుండి బంధువులతో మాటలాడుచు తినుట వేరు, మూల కుర్చీలో నొంటిగా తినుట వేరు. ఆషాఢ పూర్ణిమకు కైవారమున తాతయ్యగారి సన్నిధిలో సంగీతోత్సవము జరుగును. శివరాత్రికి నంది గ్రామమున భోగనందీశ్వరుని తేరు సాగును. తెలుగున కన్నడమున కీర్తనలు పలికిన ఆ యోగి సన్నిధికి మన కుటుంబములు బండ్లు మాట్లాడుకొని పోవునపుడు, వీధిలోని కుర్చీవానికి చోటు గలదా యని యెవరైన అడిగిన బాగుండును.

కావున సంఘమువారి యెదుట నాలుగు కోరికలు పెట్టుచున్నాను. మొదటిది, మూడు పట్టణముల బస్సు నిలయములను మన సభ్యులే కొలత బద్దతో పరిశీలించి, ఏ మెట్టు ఎన్ని యంగుళములో, మరుగుదొడ్డి తలుపు ఎంత వెడల్పో వ్రాసి జిల్లాధికారికి అందజేయవలెను. లెక్కతో పోయిన మాట త్వరగా కొట్టివేయబడదు. రెండవది, చిక్కబళ్ళాపురము–బాగేపల్లి, చిక్కబళ్ళాపురము–చింతామణి, బాగేపల్లి–చింతామణి దారులలో ఉదయమొకటి, సాయంత్రమొకటి యెత్తు పలక గల బస్సును నడుపుమని సారిగె సంస్థను కోరి, దాని వేళలను రెండు భాషలలో వ్రాయింపవలెను. మూడవది, కార్డు, పాసుల నియమములను తెలుగున అచ్చొత్తించి ఇంటింటికి పంపవలెను. నాల్గవది, సంఘము తన సభలను మెట్లు లేని చోటనే జరుపవలెను.

వచ్చు కార్యవర్గ సమావేశమున ఈ విషయములు తీర్మాన రూపమున చర్చకు రావలెనని ప్రార్థించుచున్నాను. సమావేశము క్రింది అంతస్తున జరిగినచో నేనును హాజరై నా వంతు మాట చెప్పుకొందును.