టూల్‌బార్‌లో ఒక బటన్ తీసెయ్యాలంటే

పైథాన్‌లో గ్రాఫులు గీసేవాళ్ళకి మాట్‌ప్లాట్‌లిబ్‌ని పరిచయం చెయ్యక్కర్లేదు. జాన్ హంటర్ మొదలుపెట్టిన ఈ లైబ్రరీ 2003 నుంచీ ఉంది. టీకే-ఇంటర్ విండోలో దీని గ్రాఫు పెడితే తోడుగా ఏడు బటన్ల టూల్‌బార్ కూడా పెట్టుకోవచ్చు: హోమ్, బ్యాక్, ఫార్వర్డ్, పాన్, జూమ్, సబ్‌ప్లాట్స్, సేవ్. అది చూడగానే క్లయింటు అడిగేదేమిటో మీకూ అనుభవమే. "ఆ సబ్‌ప్లాట్స్ మాకెందుకు? తీసెయ్యండి. సేవ్ నొక్కితే ఏమీ అడక్కుండా ఫైలు మా ఫోల్డర్‌లో పడాలి."

దీనికి కొందరు టూల్‌బార్ కోడంతా కాపీ చేసుకుని రెండు లైన్లు మారుస్తారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం! ఆ పూటకి పని జరుగుతుంది కానీ, ఆ తర్వాత లైబ్రరీలో ఎన్ని బగ్గులు సరిచేసినా మన కాపీకి అందవు.

సబ్‌క్లాస్ చెయ్యడమే మంచిదని నా అభిప్రాయం. బటన్ల జాబితా టూల్‌ఐటమ్స్ అనే క్లాస్ ఆట్రిబ్యూట్‌లో ఉంటుంది. ఒక్కో బటన్‌కి పేరు, టూల్‌టిప్, బొమ్మ, పిలవాల్సిన మెథడ్, ఈ నాలుగే. అక్కర్లేనిది వదిలేసి జాబితా మళ్ళీ ఇస్తే చాలు. సేవ్ సంగతికి ఒక మెథడ్ ఓవర్‌రైడ్ చేస్తే సరి.

అయితే ఒక షరతు. అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పేర్ల జోలికి పోకండి. ఉన్న మెథడ్‌ని పిలిచేముందు అది ఎవరిదో చూడండి. ఈ టూల్‌బార్‌కి తల్లీ తండ్రీ ఇద్దరున్నారు: మాట్‌ప్లాట్‌లిబ్ బేస్ క్లాసు, టీకే-ఇంటర్ ఫ్రేమ్. ఇద్దరికీ అప్‌డేట్ అనే మెథడ్ ఉంది. ఫ్రేమ్‌లో దానర్థం ఆగి ఉన్న ఈవెంట్లు పూర్తిచెయ్యమని. టూల్‌బార్‌లో జూమ్ చరిత్ర చెరిపెయ్యమని. నెగ్గేది రెండోదే. తెర తాజా అవుతుందని పిలిస్తే యూజర్ బ్యాక్ బటన్ చచ్చిపోతుంది.

"రేపు వెర్షన్ మారితేనో?" అంటారు. 2018లో 2.2 వచ్చినప్పుడు ఈ క్లాసు పేరు చివరి 'ఆగ్' తీసేశారు. సబ్‌క్లాస్ ఉన్నవాళ్ళు పేరు మార్చుకుంటే సరిపోయింది.

కాంట్రాక్టు అయిపోగానే మనం ఇంకో ఊరు పోతాం. ఆ కోడు చూసుకునేది ఎవరో, చాలాసార్లు హైదరాబాదులో నైట్‌షిఫ్టు చేసే కుర్రాడో, అమ్మాయో. వందల లైన్లలో మనం మార్చినవి ఏ రెండో వెతుక్కునే శిక్ష వాళ్ళకెందుకు? సబ్‌క్లాస్‌లో అయితే మనం రాసిందే ఉంటుంది, మరింకేమీ ఉండదు.