తీగచుట్టపై నిషేధం, తునికాకుకు గిరాకీ: మధ్యలో మిగిలిన ప్రమాదం

ఛత్తీస్‌గఢ్‌లోని దక్షిణ బస్తర్‌లో, దోర్నపాల్ నుంచి జగర్‌గుండకు వెళ్లే దారిలో చింతలనార్ ఉంది. పేరు వినగానే తెలుగువారికి చింతచెట్టు గుర్తుకు వస్తుంది. ‘నార్’ అంటే గోండీ భాషలో ఊరు. 2010 ఏప్రిల్ 6న సమీపంలోని తాడిమెట్ల వద్ద జరిగిన మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు కోల్పోయినప్పుడు ఈ ఊరి పేరు దేశమంతటా మారుమోగింది. అయితే సుక్మా జిల్లాలోని ఇటువంటి అటవీ గ్రామాలకు వేసవి అంటే ముందుగా తునికాకు కాలం. కోసిన ఆకును 50 చొప్పున కట్టలు కట్టి కల్లాల్లో ఆరబెడతారు. వెయ్యి కట్టలు కలిస్తే ఒక ప్రామాణిక సంచి. ఆ ఆకు బీడీ అవుతుంది, బీడీ పొగ అవుతుంది. ఈ వ్యాపారమంతా చట్టబద్ధమే.

పొగాకును కాల్చకుండా, ద్రవాన్ని విద్యుత్తుతో వేడిచేసి ఆవిరిగా పీల్పించే పరికరం మాత్రం దేశంలో నిషిద్ధం. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు రూపంలో వచ్చిన ఈ నిషేధం, అదే ఏడాది డిసెంబరులో చట్టమైంది. ఎలక్ట్రానిక్ సిగరెట్ల ఉత్పత్తి, తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటనలు నేరాలయ్యాయి. తొలిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా. నిల్వ ఉంచుకున్నవారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 50 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా సరుకు ఆగలేదు. అమలును గట్టి చేసేందుకు 2023 మే నెలలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ మరోసారి ప్రజా ప్రకటన జారీ చేయవలసి వచ్చింది. నిషేధం దుకాణాన్ని మూయించగలిగింది. కానీ దొంగచాటుగా చేతికి వచ్చిన పరికరాన్ని ఎలా వాడితే పేలుతుందో, ఎలా వాడితే పేలదో చెప్పేవారు మాత్రం లేకుండా పోయారు. ఈ లోటు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది మెకానికల్ పరికరాల విషయంలో.

సాధారణ వేప్ పరికరంలో ఒక చిన్న ఎలక్ట్రానిక్ పలక కాపలాదారుగా ఉంటుంది. కరెంటు మితిమీరినా, షార్ట్ సర్క్యూట్ అయినా, సెల్ ఛార్జింగ్ మరీ పడిపోయినా అది సరఫరాను ఆపివేస్తుంది. మెకానికల్ పరికరంలో ఆ కాపలా లేదు. ఒక లోహపు గొట్టం, అందులో ఒక లిథియం సెల్, అడుగున మీట, పైన తీగచుట్ట, అంతే. మీట నొక్కితే సెల్‌లోని శక్తి నేరుగా తీగలోకి పారుతుంది. తీగ కాలుతుంది, దానిలో దూర్చిన దూదివత్తి పీల్చుకున్న ద్రవం ఆవిరవుతుంది.

ఆ తీగచుట్టను చాలామంది స్వయంగా చుట్టుకుంటారు. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన కాంతాల్ తీగ గానీ, నికెల్, క్రోమియం కలిసిన నిక్రోమ్ తీగ గానీ ఇందుకు వాడతారు. విద్యుత్ హీటర్లలో ఎర్రగా కాలేది కూడా ఈ జాతి తీగే. తీగ లావు పెరిగినా, చుట్లు తగ్గినా, ఒకటికి రెండు చుట్టలు పక్కపక్కన బిగించినా నిరోధం తగ్గుతుంది. నిరోధం తగ్గితే కరెంటు పెరుగుతుంది. పాఠశాలలో చదివిన ఓమ్ నియమమే ఇక్కడ ప్రాణాలకు లెక్క కడుతుంది.

నిండుగా ఛార్జి అయిన లిథియం అయాన్ సెల్ వోల్టేజీ 4.2. తీగచుట్ట నిరోధం 0.5 ఓమ్ అయితే 8.4 ఆంపియర్ల కరెంటు పారుతుంది. అదే నిరోధం 0.2 ఓమ్‌కు దిగితే కరెంటు 21 ఆంపియర్లకు చేరుతుంది. ఇంటి గోడకున్న మామూలు ప్లగ్గు 5 లేదా 6 ఆంపియర్లది అని గుర్తుచేసుకుంటే, బొటనవేలంత సెల్‌ను ఎంత భారం మోయమంటున్నారో అర్థమవుతుంది. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండటంతో 18650 అని పిలిచే ఈ సెల్‌లలో అధిక కరెంటుకు తయారైనవి కొన్నే. పాత ల్యాప్‌టాప్‌ల నుంచి విప్పి తీసినవి చాలావరకు 10 ఆంపియర్లలోపు భారానికే పనికివస్తాయి. పై తొడుగు చూసి ఆ తేడా చెప్పలేం. మంచి సెల్ సామర్థ్యం 3,500 మిల్లీ ఆంపియర్ అవర్ల దరిదాపుల్లో ఉంటుంది. సెల్ మీద 9,900 అని అచ్చు వేసి ఉంటే, ఆ అంకె అబద్ధమని నిశ్చయంగా చెప్పవచ్చు.

సెల్ మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు లాగితే లోపల వేడి పుడుతుంది. ఒక హద్దు దాటాక ఆ వేడే మరింత వేడిని పుట్టిస్తుంది. వాయువులు పొంగుతాయి. అవి బయటపడేందుకు గొట్టానికి తగినన్ని రంధ్రాలు లేకపోతే, పరికరం తుపాకీ గొట్టంలా పనిచేస్తుంది. ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 2018 మే నెలలో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోనూ, 2019 జనవరిలో టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లోనూ పరికరం పేలి ఒక్కొక్కరు మరణించారు. అమెరికా అగ్నిమాపక పరిపాలన సంస్థ 2009 నుంచి 2016 వరకు అన్ని రకాల ఈ-సిగరెట్ల మంటలు, పేలుళ్లు 195 నమోదైనట్లు లెక్క తేల్చింది. వాటిలో 133 మంది గాయపడ్డారు. 61 ఘటనలు పరికరమో, విడి సెల్లో జేబులో ఉండగా జరిగినవి. అంటే ప్రమాదం నోటి దగ్గరే కాదు, జేబులో నాణేలు, తాళంచెవుల మధ్య కూడా పొంచి ఉంటుంది.

అందుకే ఈ పరికరాలు చట్టబద్ధమైన దేశాల్లో అనుభవజ్ఞులు కొన్ని నియమాలను పట్టుదలగా పాటిస్తారు. చుట్టిన తీగను సెల్‌కు కలిపే ముందు ప్రతిసారీ ఓమ్ మీటరుతో కొలుస్తారు. మరలు వదులైనా, తీగ కొస గొట్టానికి తగిలినా అంకె మారిపోతుంది కనుక, ఒకసారి కొలిచి ఊరుకోరు. నిండు ఛార్జి దగ్గర వచ్చే కరెంటు, తయారీదారు నిరంతర వాడకానికి చెప్పిన పరిమితి కన్నా బాగా తక్కువగా ఉండేలా చూస్తారు. క్షణకాలానికి మాత్రమే వర్తించే పెద్ద అంకెను లెక్కలోకి తీసుకోరు. ప్లాస్టిక్ తొడుగు గీరుకుపోయిన సెల్‌ను వాడరు. సెల్ పైకొస నేరుగా తీగ భాగాన్ని తాకే అమరికలో మధ్య మొన బయటికి పొడుచుకుని ఉందో లేదో చూస్తారు. అది లోపలికి నక్కి ఉంటే ధన, రుణ ధ్రువాలు రెండూ ఒకే లోహానికి తగిలి మీట నొక్కిన క్షణాన షార్ట్ అవుతుంది. వాడనప్పుడు మీటకు తాళం వేస్తారు, లేదా సెల్ తీసి ప్లాస్టిక్ డబ్బాలో పెడతారు. మీట వేడెక్కితే వెంటనే ఆపుతారు.

ఇవన్నీ పాటించినా ఆగేది పేలుడు మాత్రమే, ఆవిరి చేసే చెరుపు కాదు. నికోటిన్ వ్యసనం అలాగే ఉంటుంది. ఆ ద్రవం పిల్లల నోట్లో పడితే విషం. 2019లో అమెరికాను కుదిపిన ఊపిరితిత్తుల జబ్బుతో 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు నమోదయ్యాయి. గంజాయి సారం కలిపిన ద్రవాల్లోని విటమిన్ ఇ అసిటేట్‌కు ఆ జబ్బుతో బలమైన సంబంధం తేలింది. ఆ సరుకులో ఎక్కువ భాగం అనధికార మార్గాల్లో వచ్చినదే. దొంగ సరుకులో ఏముందో కొన్నవాడికి తెలియదు అన్న పాఠం భారత్‌కూ వర్తిస్తుంది.

భారత వైద్య పరిశోధన మండలి 2019 మే నెలలో సంపూర్ణ నిషేధాన్ని సిఫారసు చేసినప్పుడు యువత వ్యసనానికి గురికాకూడదన్నదే ప్రధాన ఆందోళన. అది నిరాధారం కాదు. 2016-17 నాటి ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం దేశంలో ఈ-సిగరెట్ వాడేవారు 0.02 శాతమే. వ్యాపించకముందే తుంచాలన్న వాదనకు ఆ అంకె బలం ఇచ్చింది. బ్రిటన్ మరో దారి ఎంచుకుంది. ద్రవంలో నికోటిన్‌ను మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు పరిమితం చేసి, అమ్మకాన్ని నియంత్రించి, ఒకసారి వాడి పారేసే వేప్‌లను 2025 జూన్ 1 నుంచి నిషేధించింది. ఏ దారి మేలన్నది ఆ దేశపు ఆసుపత్రులు, దుకాణాలు, తనిఖీ యంత్రాంగాల సత్తువను బట్టి ఉంటుంది. కానీ నిషేధించిన దేశానికి ఒక అదనపు బాధ్యత ఉంది. విడివిడిగా చూస్తే తీగ, దూది, సెల్ నిషిద్ధ వస్తువులు కావు. వాటిని కలిపే చేతికి జాగ్రత్త తెలియాలి. అసలు కలపకపోవడమే మేలని చెప్పడం కూడా ఆ జాగ్రత్తలో భాగమే.

ఇక్కడే చింతలనార్ వంటి ఊళ్ల ప్రస్తావన మళ్లీ అవసరమవుతుంది. అక్కడ వేప్ దుకాణం గురించి బెంగపడవలసిన పనిలేదు. అయితే అటవీ గ్రామాలకు వెలుగునిచ్చే రీఛార్జి టార్చిలైట్లు, సౌర లాంతర్లలో కొన్నింటిలో ఉన్నది ఇదే 18650 సెల్. సంతలో దొరికే చౌక సెల్, తొడుగు చిరిగిన సెల్, ఏ ఛార్జరుకో తగిలించి రాత్రంతా వదిలేసిన సెల్ అక్కడా అంతే ప్రమాదం. ఉబ్బిన సెల్‌ను గుచ్చకూడదని, చెత్తతో పాటు మంటలో వేయకూడదని, పరుపు మీద పెట్టి ఛార్జి చేయకూడదని చెప్పడం నగర యువకుడికి ఎంత అవసరమో, కోంటా రైతుకూ అంతే అవసరం. ఈ-సిగరెట్ పేరెత్తడానికి సంకోచించే శాఖలైనా సెల్ భద్రత గురించి నిస్సంకోచంగా మాట్లాడవచ్చు.

రెండో విషయం తునికాకుది. అదే సర్వేలో దేశంలోని వయోజనుల్లో బీడీ తాగేవారు 7.7 శాతం, సిగరెట్ తాగేవారు 4 శాతం. అంటే దేశపు పొగలో పెద్ద వాటా బీడీదే. అవిభక్త మధ్యప్రదేశ్ 1964లోనే తునికాకు వ్యాపారాన్ని ప్రభుత్వ అధీనంలోకి తెచ్చింది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో ప్రామాణిక సంచి ధరను 4,000 నుంచి 5,500 రూపాయలకు పెంచింది. అయినా కట్టకు దక్కేది అయిదున్నర రూపాయలు, ఆకుకు 11 పైసలు. గోదావరికి ఇవతల నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ ప్రాంతాల్లో బీడీలు చుట్టే మహిళల బతుకూ ఈ ఆకు చుట్టూనే తిరుగుతుంది. వారిని తెలంగాణ ప్రభుత్వం ఆసరా పింఛను పరిధిలోకి తెచ్చింది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీపై పన్నును 28 నుంచి 18 శాతానికి, తునికాకుపై 18 నుంచి 5 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది.

ఈ రాయితీల వెనుక పేదల ఉపాధి ఉందన్నది నిజం. బీడీ పొగ ఊపిరితిత్తులకు, గుండెకు చేసే హాని కూడా అంతే నిజం. 2004లో భారత్ ఆమోదించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందంలోని 17వ అధికరణం, పొగాకు మీద బతికేవారికి గిట్టుబాటయ్యే ప్రత్యామ్నాయాలు చూపమంటోంది. చింతపండు, ఇప్పపువ్వు వంటి అటవీ ఫలసాయానికి నిలకడైన ధర, ఊరికి దగ్గరలోనే శుద్ధి చేసే ఏర్పాటు ఉంటే, 11 పైసల ఆకు మీద ఆధారపడటం క్రమేణా తగ్గుతుంది. కొత్త పరికరాన్ని ఒక్క ఆర్డినెన్సుతో ఆపగలిగిన ప్రభుత్వాలకు, పాత పొగ విషయంలో దీర్ఘకాలపు ఓపిక కావాలి.

తక్షణం చేయదగిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. అక్రమ సరుకు పట్టుబడినప్పుడు సంఖ్య, విలువతో సరిపెట్టకుండా అందులోని సెల్‌ల నాణ్యతను పరీక్షించి ఫలితాలు ప్రకటించాలి. కాలిన గాయాలతో ఆసుపత్రికి వచ్చిన యువకుడు శిక్షకు భయపడి అసలు కారణం దాచకుండా వైద్యుడికి చెప్పుకొనే వాతావరణం ఉండాలి. పాఠశాలల్లో ఓమ్ నియమం చెప్పే రోజునే లిథియం సెల్ జాగ్రత్తలూ చెప్పాలి. బస్తర్‌లో ఆ మాట గోండీ, హల్బీ, తెలుగు భాషల్లో రేడియో ద్వారా చేరాలి. వస్తువును ఆపే పని చట్టానిది. చేతిలో ఉన్న వస్తువు వల్ల ప్రాణం పోకుండా చూసే పని సమాచారానిది. మొదటిది 2019లోనే జరిగింది, రెండోది ఇంకా మొదలు కావలసి ఉంది.