ఉరుము ఉరిమి... కెమెరా మీద!

మే నెల. పగలంతా నిప్పులు చెరిగిన ఎండ. సాయంత్రం అయిదయ్యేసరికి మబ్బు కమ్మేస్తుంది. ఈదురుగాలి, ఉరుములు, ఆ వెనకే నాలుగు వడగళ్లు. మారేడుపల్లిలోనో సైనిక్‌పురిలోనో ఓ చెట్టుకొమ్మ ఫెళ్లున విరిగి కరెంటు తీగల మీద పడుతుంది. అంతే, వీధంతా చీకటి. గంటకో రెండు గంటలకో కరెంటొస్తుంది. వచ్చీరాగానే బల్బులు ఒక్కసారి భగ్గున వెలిగి ఆరిపోతాయి.

సికింద్రాబాద్ వాళ్లకి ఇది ఏటా అలవాటైన దృశ్యమే. ఆ రాత్రి ఓ అపార్ట్‌మెంట్లో ఏం జరగొచ్చో ఊహించుకోండి.

తెల్లారేసరికి సెల్లార్లో పెట్టిన మోటార్‌సైకిల్ లేదు. అసోసియేషన్ పెద్దలంతా కిందికి దిగుతారు. అందరి కళ్లూ వాచ్‌మన్ మీదే. ‘రాత్రి ఎక్కడ చచ్చావయ్యా?’ అని ఒకరు. ‘వీడికి తెలియకుండా బండి గేటు దాటుతుందా?’ అని ఇంకొకరు. ‘లేదు సార్, కరెంటొచ్చాక మోటారు వేద్దామని వెనక్కి వెళ్లాను సార్’ అంటాడతను. ‘ఎందుకండీ గొడవ, కెమెరాలున్నాయిగా! చూస్తే పోలా?’ అంటారు మూడో ఆయన. తీరా చూస్తే ఏముంది? టీవీ తెర నల్లగా ఉంది. రికార్డర్ పెట్టెలోంచి కాలిన వాసన.

పోయింది ఓ పెట్టే అయితే కొత్తది కొనుక్కోవచ్చు. కానీ ఆ క్షణంలో వాచ్‌మన్ దగ్గరున్న ఒకే ఒక్క సాక్షి కూడా పోయింది!

కెమెరా కొన్నాం, కాపలా మరిచాం

2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాయి. అదే ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం వచ్చింది. ఒకేసారి వంద మంది, ఆపైన గుమిగూడే అవకాశం ఉన్న చోట్ల సీసీ కెమెరాలు పెట్టాలనీ, దృశ్యాలను 30 రోజులు దాచాలనీ అది చెబుతోంది. ఆ తర్వాత ‘నేను సైతం’ పేరుతో పోలీసులు కాలనీలనూ దుకాణాలనూ కదిలించారు. జనరల్ బజార్ బట్టల షాపుల నుంచి రాణీగంజ్ మోటార్ల కొట్ల దాకా ప్రతి గుమ్మానికీ ఓ కన్ను మొలిచింది.

అయితే కెమెరాలు కొనేటప్పుడు అందరూ అడిగేది ఎన్ని మెగాపిక్సెల్స్, రాత్రిపూట కనిపిస్తుందా, ఫోన్లో చూడొచ్చా అనే. ‘పిడుగు పడితే ఏమవుతుంది?’ అని అడిగేవాళ్లు అరుదు.

ప్రమాదం రెండు రకాలు

కరెంటు వల్ల వచ్చే ముప్పు అంతా ఒకటి కాదు. రెండు రకాలు. ఒకదానికి వాడే మందు ఇంకోదానికి పనిచేయదు.

మొదటిది సర్జ్. పిడుగు మన మీదే పడక్కర్లేదు. ఆ చుట్టుపక్కల పడినా చాలు, పొడవాటి తీగల్లో వేల వోల్టులు పుడతాయి. అది ఉండేది సెకనులో లక్షో వంతుల లెక్కలోనే. ఆ లిప్తపాటులోనే సున్నితమైన చిప్‌లు మాడిపోతాయి.

రెండోది న్యూట్రల్ తెగడం. వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ వస్తాయి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఉండాల్సింది 230 వోల్టులు. గాలివానకి న్యూట్రల్ తెగినా, జాయింటు వదులైనా లెక్క తప్పుతుంది. కొన్ని ఇళ్లలో దీపాలు గుడ్డిగా వెలుగుతాయి. కొన్ని ఇళ్లలో వోల్టేజీ 400 దగ్గరికి ఎగబాకుతుంది. కెమెరా అడాప్టర్ మీద ఏముందో ఓసారి చదవండి. చాలావాటి మీద ‘100-240’ అని ఉంటుంది. 400 వోల్టులు నిమిషాల తరబడి నిలబడితే అది ఏం తట్టుకుంటుంది?

‘ఎంసీబీ ఉందిగా!’

చాలామంది ధీమా ఇదే. కానీ ఎంసీబీ చూసేది కరెంటు ఎక్కువగా పారుతోందా, షార్ట్ అయిందా అని. వోల్టేజీ సంగతి దానికి పట్టదు. పైగా అది మేల్కొనేలోపు సర్జ్ వచ్చి తన పని కానిచ్చుకుని వెళ్లిపోతుంది. స్టెబిలైజర్ సంగతీ అంతే. నెమ్మదిగా పెరిగి తగ్గే వోల్టేజీని సర్దుతుంది తప్ప మెరుపు వేగాన్ని అందుకోలేదు.

సర్జ్‌కి మందు సర్జ్ ప్రొటెక్టర్. ఎస్‌పీడీ అంటారు. వోల్టేజీ హద్దు దాటగానే అది దారి తెరిచి, అదనపు శక్తిని ఎర్త్‌లోకి మళ్లిస్తుంది. మెయిన్ బోర్డులో ‘టైప్ 2’ రకం ఒకటి, రికార్డర్ దగ్గర ‘టైప్ 3’ రకం ఇంకొకటి ఉంటే మేలు. మేడ మీద పిడుగు కడ్డీ ఉన్న భవనాలకు మొదట్లోనే ‘టైప్ 1’ కావాలి. ఎస్‌పీడీకి వేసే వైరు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. వైరు చుట్టలు చుట్టి వదిలేస్తే ఫలితం సగానికి సగం పోతుంది.

ఎస్‌పీడీ కూడా చిరంజీవి కాదు. దెబ్బ తిన్నప్పుడల్లా కాస్త అరుగుతుంది. చాలా రకాలకు చిన్న కిటికీ ఉంటుంది. పచ్చగా ఉంటే బతికున్నట్టు, ఎర్రబడితే పనైపోయినట్టు. వేసవికి ముందు ఓసారీ, వానలు వెలిశాక ఓసారీ దాన్ని చూడాలి.

న్యూట్రల్ తెగినప్పుడు మాత్రం ఎస్‌పీడీ కాపాడలేదు. ఎక్కువసేపు ఉండే హై వోల్టేజీకి అదే వేడెక్కి కాలిపోవచ్చు. దానికి వేరే పరికరం ఉంది. వోల్టేజీ హద్దు దాటితే సరఫరా ఆపేసి, మామూలు స్థితికి వచ్చాక తిరిగిచ్చే వోల్టేజీ ప్రొటెక్టర్. ఈ రెండూ ఉంటేనే రక్షణ పూర్తయినట్టు.

దొడ్డిదారి కెమెరా తీగే

ముందు తలుపుకి గడియ పెట్టి పెరటి తలుపు వదిలేస్తే ఏం లాభం? డాబా మీద ఇనప స్తంభానికి బిగించిన కెమెరా నుంచి కిందికి దిగే రాగి తీగ పిడుగుకి అచ్చం రాచబాట. దాని గుండా వచ్చే సర్జ్ నేరుగా రికార్డర్ కడుపులోకే వెళుతుంది. నెట్‌వర్క్ కేబుల్‌తోనే కరెంటు అందుకునే ఐపీ కెమెరాలకైతే బెడద ఇంకాస్త ఎక్కువ. ఒక కెమెరాకి తగిలిన దెబ్బ స్విచ్‌లోకి దిగి, దానికి కలిపిన మిగతా కెమెరాలనూ ముంచేయొచ్చు.

అందుకే ఆరుబయటి కెమెరాల తీగలకు రెండు చివర్లా చిన్న ప్రొటెక్టర్లు పెట్టించాలి. ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకి, గేటు నుంచి ఆఫీసు గదికి వెళ్లే పొడవాటి లైన్లకు రాగి బదులు ఆప్టికల్ ఫైబర్ వేయడం ఉత్తమం. గాజు పోగులో కరెంటు పారదు కదా! పిడుగు కడ్డీ నుంచి కిందికి దిగే పట్టీ పక్కనే కెమెరా తీగలు లాగకూడదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పుణ్యమా అని 18వ శతాబ్దం నుంచీ ఆ కడ్డీ గోడల్ని కాపాడుతోంది. లోపలి ఎలక్ట్రానిక్స్‌కి అది హామీ ఇవ్వదు.

ఎర్త్ లేకుంటే అన్నీ వృథా

అదనపు శక్తిని మళ్లించడానికి సరైన నేల దొరక్కపోతే ఎంత ఖరీదైన ఎస్‌పీడీ అయినా అలంకారమే. మన జంట నగరాలది రాతి నేల. కాస్త తవ్వితే బండ తగులుతుంది. ఎండాకాలంలో మట్టి ఎండిపోయి ఎర్త్ పనితనం తగ్గుతుంది. సరిగ్గా పిడుగుల కాలమూ అదే! ఎర్త్ గుంతలో నీళ్లు పోయించడం, ఏడాదికోసారి ఎలక్ట్రీషియన్‌తో కొలిపించడం మరవొద్దు.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. కెమెరాలకంటూ విడిగా ఎర్త్ గుంత తీయించి దాన్ని ఒంటరిగా వదిలేస్తారు. పిడుగు పడినప్పుడు రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజీ తేడా వచ్చి, ఆ కరెంటు రికార్డర్ గుండానే పారుతుంది. గుంతలు ఎన్నున్నా వాటిని ఒకదానితో ఒకటి కలిపి ఉంచాలి.

యూపీఎస్ సంగతేంటంటారా? కరెంటు పోయినా రికార్డింగ్ ఆగకుండా చూడటానికి అది ఉండాల్సిందే. చవకగా దొరికే ఆఫ్‌లైన్ రకాల్లో మాత్రం మామూలు సమయంలో మెయిన్స్ కరెంటు దాదాపు నేరుగానే వెళుతుంది. దాన్ని సర్జ్ ప్రొటెక్టర్ అనుకోవద్దు.

కాలిన పెట్టెలో బతికున్న సాక్షి

మళ్లీ ఆ అపార్ట్‌మెంట్‌కి వద్దాం. రికార్డర్ కాలిందంటే దృశ్యాలన్నీ పోయినట్టేనా? కాదు. చాలాసార్లు మాడేది అడాప్టరో లోపలి బోర్డో. హార్డ్‌డిస్కులోని రికార్డింగ్ భద్రంగానే ఉండొచ్చు. అసలు తప్పు ఆ తర్వాతే జరుగుతుంది. మెకానిక్ వచ్చి ఆ డిస్కుని కొత్త పెట్టెలో బిగిస్తాడు. అది ‘ఫార్మాట్ చేయమంటారా?’ అని అడుగుతుంది. తొందరలో ఎవరో ‘ఓకే’ నొక్కేస్తారు. పిడుగు మిగిల్చింది కాస్తా వేలికొనతో తుడిచిపెట్టుకుపోతుంది.

దొంగతనంలాంటిది జరిగినప్పుడు డిస్కుని ముట్టుకోకుండా పెట్టెతో సహా పోలీసులకు అప్పగించడమే తెలివైన పని. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో నిలబడాలంటే ధ్రువపత్రం కావాలి. అటూ ఇటూ చేతులు మారిన డిస్కుతో తర్వాత చిక్కులే.

ఇక ఈసారి గాలివాన వెలిశాక టీవీ వస్తోందో లేదో చూసుకున్నట్టే రికార్డర్‌నీ ఓసారి చూడండి. తెర మీద బొమ్మ కనిపిస్తే చాలదు. నిన్నటి దృశ్యం వెనక్కి తిప్పితే వస్తోందో లేదో చూడాలి. ఆ పని వాచ్‌మన్‌కి కూడా నేర్పండి. వీధిలో దీపాలు మరీ కాంతిగానో, మరీ గుడ్డిగానో వెలుగుతుంటే మెయిన్ ఆపేసి 1912కి ఫోన్ చేయమని చెప్పండి.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టని సామెత. మేఘం ఉరుముతుంది, పిడుగు కెమెరా మీద పడుతుంది. నింద మాత్రం నెల జీతానికి గేటు కాసే మనిషి మీద పడుతుంది. నాలుగు గజాల రాగి తీగ, ఓ ఎర్త్ గుంత, అరచేతిలో ఇమిడే రెండు పరికరాలు... అవి కాపాడేది కెమెరాలనొక్కటే కాదు.